సిరిసిల్ల సాంచాలు, సహకార కరెంటు

సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల మూడూ 2016 అక్టోబరు 11 దాకా కరీంనగర్ జిల్లాలోనివే. ఆ రోజున జగిత్యాల ఒక జిల్లాకు కేంద్రమై కోరుట్ల అందులో కలిసింది. సిరిసిల్ల కేంద్రంగా రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడింది. మూడు చోట్లా నేతపని తెలిసిన పద్మశాలీలున్నారు, బీడీలు చుట్టే ఆడవాళ్లున్నారు, బొంబాయికో గల్ఫుకో వలసపోయిన కుటుంబాలున్నాయి. అయినా వేలాది మరమగ్గాలతో బట్టల ఊరుగా మారింది సిరిసిల్ల ఒక్కటే. ఆ మార్పులో కరెంటుకు పెద్ద పాత్ర ఉంది.

గోదావరి మీద కట్టిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నుంచి కాకతీయ కాలువ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా సాగింది. ఆ వైపు వరి, పసుపు, చెరకు పెరిగాయి. మానేరు ఒడ్డునున్నా సిరిసిల్ల తాలూకా మెట్ట ప్రాంతం. అక్కడి సాగుకు అప్పట్లో ప్రధానంగా బావే ఆధారం. బావిలో నీళ్లు పైకి రావాలంటే మోటారు కావాలి, మోటారుకు కరెంటు కావాలి.

1969లో కేంద్ర ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పింది. పల్లెల్లో కరెంటును వినియోగదారుల సహకార సంఘాలే పంచితే ఎలా ఉంటుందో చూడాలని దేశంలో మొదట ఐదు చోట్లను ఎంచుకున్నారు. కర్ణాటకలో హుకేరి, మహారాష్ట్రలో ముళా-ప్రవర, గుజరాత్‌లో కోడినార్, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సిరిసిల్ల. అమెరికా పల్లెల్లో అప్పటికే నడుస్తున్న విద్యుత్ సహకార సంఘాలే దీనికి నమూనా. అలా 1970లో సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం పని మొదలుపెట్టింది. ఊళ్లో అందరూ దాన్ని 'సెస్' అనే అంటారు. కనెక్షన్ తీసుకున్నవారు సభ్యులు, వారి ఓట్లతో గెలిచినవారు డైరెక్టర్లు. కరెంటును టోకున కొని, సొంత తీగల మీద ఇంటింటికీ పొలంపొలానికీ అందించి, బిల్లులు వసూలు చేసుకోవడం సంఘం పని. జగిత్యాల, కోరుట్ల మాత్రం రాష్ట్ర విద్యుత్ బోర్డు కిందే ఉండి, 2000లో వరంగల్ కేంద్రంగా ఏర్పడిన ఉత్తర మండల పంపిణీ సంస్థ కిందికి వెళ్లాయి.

సెస్ పుట్టింది రైతు మోటార్ల కోసం. కానీ ఆ తీగలు మగ్గాలకూ పనికొచ్చాయి. చేనేతతో పూట గడవక భీవండి, షోలాపూర్ మిల్లులకు వలసపోయిన నేతగాళ్లు అక్కడ మరమగ్గం పని నేర్చారు. కొందరు పాత మగ్గాలు కొని తెచ్చి ఇళ్లలోనే బిగించారు. వీటిని స్థానికంగా సాంచాలంటారు. ఈ పనిలో అంచెలున్నాయి. పైన నూలు కొని బట్ట అమ్మే సేటు. కింద ఆసామి: సాంచాలు అతనివే, నూలు మాత్రం సేటుది. అందరికంటే కింద కార్మికుడు. వార్పిన్ యంత్రం మీద పడుగు (నిలువు) పోగులు భీము అనే పెద్ద రోలరుకు చుట్టుకుని ఆసామి ఇంటికి వస్తాయి. పేకకు (అడ్డం పోగుకు) కావలసిన కండెలు చుట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. కార్మికుడు పన్నెండు గంటల పాళీలో ఒక్కడే నాలుగు నుంచి ఎనిమిది సాంచాల మధ్య తిరుగుతూ, తెగిన పోగు అతికిస్తూ, నాడెలో (షటిల్‌లో) కండె మారుస్తూ ఉంటాడు. నేసిన బట్టను బట్టే కూలి. కరెంటు పోతే నాడె పోగుల మధ్యే ఆగిపోతుంది, ఆ గంటకు కూలి ఉండదు. అందుకే ఈ ఊళ్లో కరెంటు కోత అంటే కూలి కోతే.

1985లో పార్లమెంటు కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ చట్టం చేసింది. 1993లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. జాబితాలోని 22 రకాలు తర్వాత 11కు తగ్గినా చీర, ధోవతి, తువ్వాలు, లుంగీ, దుప్పటి వంటివి అందులోనే ఉన్నాయి. చేనేతను కాపాడటానికి ఆ చట్టం అవసరమే. కాకపోతే చేనేత వదిలి సాంచాకు మారినవాడూ అదే కులం, అదే పేదరికం. అతని కోసం చట్టంలో చోటు లేదు. సిరిసిల్ల లంగా గుడ్డ, అస్తరు గుడ్డ, రంగు వేయని ముతక తాను, పాలిస్టర్ మీద బతికింది. లాభం పలచన, ధర నిర్ణయించేది బయటి మార్కెట్టు.

1990ల చివరికి కష్టాలు ముప్పేటగా వచ్చిపడ్డాయి. నూలు ధర నిలకడ తప్పింది. ఆధునిక మగ్గాలతో పోటీ పెరిగింది. 1998 విద్యుత్ సంస్కరణల చట్టంతో బోర్డు విడిపోయి, చార్జీలు తేల్చే పని నియంత్రణ మండలి చేతికి వచ్చింది. 2000లో చార్జీల పెంపు మీద రాష్ట్రమంతా ఆందోళన రేగింది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఏళ్లలోనే అప్పుల్లో మునిగిన సిరిసిల్ల నేత కార్మికుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చాయి. ప్రభుత్వం మరమగ్గాల కరెంటు మీద సగం రాయితీ ఇచ్చింది. అది నిజంగా ఆదుకున్న చర్యే. అయితే రాయితీ సొమ్ము ప్రభుత్వం నుంచి సెస్‌కు రావాలి, బకాయి పడితే భారం సంఘం మీద, చివరికి ఆసామి మీద పడుతుంది. తీగలు, స్తంభాలు సభ్యులవే అయినా, కొనే ధర గానీ అమ్మే ధర గానీ వారి చేతిలో లేదు.

మగవారి కూలి చాలనప్పుడు మూడు పట్టణాల్లోనూ ఇల్లు నడిపింది బీడీ. కంపెనీ ఇచ్చిన తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పెట్టి చుట్టి, దారం కట్టి అప్పగిస్తే వెయ్యికింత అని కూలి. 1966 నాటి కార్మిక చట్టం ఇంటి దగ్గర చుట్టేవారికీ వర్తించేది. పొగాకు మీద నియంత్రణ పెరిగే కొద్దీ పని దినాలు తగ్గాయి: 2016లో కట్టల మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మలు, 2017లో 28 శాతం జీఎస్టీ. ఆరోగ్యం దృష్ట్యా నియంత్రణ సరైనదే. మరో పని చూపకపోవడమే లోపం. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలుపెట్టి, 2019లో 2,016 రూపాయలు చేసింది. కోరుట్ల వైపు చెరకు రైతుకు ఆధారమైన ముత్యంపేట నిజాం చక్కెర కర్మాగారం మాత్రం 2015 డిసెంబరులో మూతపడింది.

2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీ ప్రారంభించింది. మొదటి ఏడు సూరత్ చీరలు కూడా కలిశాయి, తర్వాత ఆర్డరు ప్రధానంగా సిరిసిల్లకే వచ్చింది. ఏడాదికి కోటికి దగ్గరగా చీరలు. ఏ నెలలో ఎంత పని ఉంటుందో ముందుగా తెలియడం ఆ కార్మికులకు కొత్త. కానీ పాలిస్టర్ చీరల ఒక్క ఆర్డరు మీద ఊరంతా ఆనుకుంది. ప్రభుత్వం మారాక ఆ పథకం ఆగింది, పాత బకాయిలు మిగిలాయి, చాలా సాంచాలు ఖాళీగా నిలిచాయి. ఆ తర్వాత మహిళా సంఘాల సభ్యులకు ఇచ్చే ఇందిరా మహిళా శక్తి చీరల ఆర్డరు సిరిసిల్లకు వచ్చింది. నూలు కోసం దూరపు మార్కెట్ల మీద ఆధారపడకుండా 2024 నవంబరులో వేములవాడలో 50 కోట్ల రూపాయల నిధితో నూలు డిపోను ప్రారంభించారు.

ఇక కరెంటు సంగతికొస్తే, సెస్‌తో పాటే ఎంపికైన ముళా-ప్రవర సంఘం 2011లో పంపిణీ హక్కు కోల్పోయింది. ఆంధ్రప్రదేశ్‌లోని అనకాపల్లి సంఘం వంటివి పంపిణీ సంస్థల చేతికి వెళ్లాయి. తెలంగాణలో ఈ తరహా సంఘంగా మిగిలింది సెస్ ఒక్కటే. 2022 డిసెంబరులో దాని పదిహేను డైరెక్టర్ స్థానాలకు జరిగిన ఎన్నికల్లో ప్రధాన పార్టీలన్నీ పోటీపడ్డాయి.