నేసినవాని యెదుట బేరము

నల్లమలకును వెలికొండలకును నడుమ, గిద్దలూరునకు చేరువగా కొమరోలు అను ఊరు కలదు. ఆ సీమలో నా చిన్ననాట చీర కొనుట యనిన ఒక పూట పని. బట్టలమూట భుజముపై వేసికొని వచ్చినవాడు దానిని అరుగుమీద విప్పును. మా అమ్మమ్మ మొదట ధర యడుగదు. చీర మడత నొకదానిని తీసి వెలుతురునకు పట్టి చూచును. నేత ఒకచోట చిక్కగాను ఒకచోట పలుచగాను ఉన్నచో కన్నులు చిట్లించును. చెఱగు కొనను తడివ్రేలితో రుద్ది, ఆ వ్రేలిని తెల్లగుడ్డపై తుడుచును. రంగు అంటినదా, ఆ చీర మరల మూటలోనికి పోవలసినదే. గంజి యెంత, నూలెంత యని తెలిసికొనుటకు అంచును గోటితో గీకును. ఇదంతయు అయిన పిమ్మట, "ఇది ఎవురు నేసినారప్పా?" అని యడుగును. ఊరి పేరైనను చెప్పలేనివాని చీరను, అది యెంత చౌకయైనను, మా యింట కొన్నట్లు నాకు జ్ఞాపకము లేదు.

ఇటీవల హైదరాబాదులో మా మేనకోడలు నన్నొక సంతకు తోడ్కొనిపోయినది. సంత యన్నది నా మాట. ఆమె దానిని డిజైను మార్కెట్టనినది. పెద్ద దుకాణములతో సంబంధము లేనివారు, తామే నమూనా గీసికొని, తామే అద్దియో నేయించియో, రెండు దినములకు బల్లలు అద్దెకు తీసికొని అచ్చట అమ్ముదురు. ఒక బల్లపై నీలిరంగు కండువాలు, ఒకదానిపై తాటియాకు బుట్టలు, మఱియొకదానిపై పాతచీరలు కుట్టి చేసిన సంచులు. వీరిని స్వతంత్రులందురని ఆమె చెప్పినది. ఎవరినుండి స్వతంత్రులని నేనడిగితిని. ఆమె నవ్వి యూరకున్నది. ఆ ప్రశ్నకు మన సీమ చరిత్రలో చాల దూరము పోవలసియున్నదని ఆమెకు అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పెదను.

నంద్యాల వైపు నల్లరేగడిలో పండిన పత్తి తూర్పునకు రావలెనన్న నల్లమల దాటవలెను. నందికనుమ దిగి గిద్దలూరు మీదుగా కంభమునకు వచ్చు దారి పురాతనమైనది. రైలు రాకమునుపు ఇట్టి కనుమలలో సరకు మోసినవి పెరికెయెడ్లు. వానిని తోలినవారు లంబాడీలు. అద్దములును గవ్వలును కుట్టిన ఱవికలు తొడిగి వారి స్త్రీలు ఆ యెడ్ల వెంట నడచిరి. ఆ ఱవికలను ఏ దుకాణములోను కొనలేదు. ఎవరిది వారే కుట్టుకొనిరి. నేడు అదే కుట్టుపని జానెడు ముక్కను నగరపు సంతలో వందల రూపాయలకు అమ్ముచుండగా చూచితిని. కుట్టినవారికి అందులో ఎంత ముట్టినదో ఆ బల్లయొద్దనున్న చిన్నవాడు చెప్పలేకపోయెను.

తూర్పున సముద్రతీరమందు మోటుపల్లి రేవు. కాకతి గణపతిదేవుడు 1244లో అచ్చట అభయశాసనము వేయించెను. తుపానులో చిక్కి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు హరించుచుండిరనియు, తాను తగిన సుంకము మాత్రమే పుచ్చుకొందుననియు అందు చెప్పెను. వచ్చినవాని సొమ్ము వచ్చినవానిదే యను నమ్మకము లేనిచోట సంత నిలువదు. ఆ శతాబ్ది చివర మార్కోపోలో ఈ రాజ్యమును గూర్చి వ్రాయుచు, ఇచ్చటి సన్ననేత సాలెగూటిని పోలియున్నదనియు, దానిని ధరింప నిష్టపడని రాజుగాని రాణిగాని యుండరనియు మెచ్చుకొనెను.

పిమ్మట పరదేశపు కంపెనీలు వచ్చినవి. డచ్చివారు మచిలీపట్నమున దిగిన కొన్ని యేండ్లకు, 1611లో, గ్లోబు అను ఇంగ్లీషు ఓడ నిజాంపట్నము, మచిలీపట్నము రేవులకు చేరెను. వారు వెదకినది ముఖ్యముగా మన అద్దకపు బట్ట. కృష్ణ ముఖద్వారపు ఇసుకనేలలలో దొరకు చిరివేరుతో కాచిన ఎఱుపు ఎన్ని చాకిరేవులు చూచినను వెలవెలపోదు. గోలకొండ వర్తకుడు ఒకడు, పారసీకుడు ఒకడు, డచ్చివాడు ఒకడు, ఇంగ్లీషువాడు ఒకడు, కొనువారు పలువురు. ఒకడు ధర తగ్గించిన మఱియొకని యొద్దకు పోవుటకు అద్దకపువానికి దారి యుండెను.

ఆ బట్ట యూరపున చేసిన అలజడి వినదగినది. ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో అద్దకపు బట్టలను నిషేధించి, 1759 వఱకు ఆ నిషేధమును ఎత్తలేదు. ఇంగ్లాండు పార్లమెంటు 1700లో ఆసియా అద్దకములను ధరింపరాదని చట్టము చేసినది, అదియు చాలలేదు. లండనులో స్పిటల్‌ఫీల్డ్సు అను పేట పట్టునేతవారి నెలవు. 1719లో ఆ నేతవారు గుంపులుగా బయలుదేఱి, అద్దకపు గౌనులు తొడిగిన స్త్రీలు వీధిలో కనబడిన వారిపై సిరాయు ద్రావకమును చల్లిరి. ఒంటిమీది బట్ట చించివేసిరి. 1721లో మఱియొక చట్టము వచ్చెను. అది 1774 వఱకు నిలిచెను. వారిని నేను నిందింపను. మగ్గము ఆగినవాని యింట పొయ్యి ఆగును. ఆ స్పిటల్‌ఫీల్డ్సులో 1682 నాటి రాజాజ్ఞతో వెలసిన సంత కలదు. కూరగాయల టోకు వ్యాపారము 1991లో అచ్చటినుండి లేచిపోగా, ఆ కప్పు క్రిందనే నేడు చిన్న చిన్న కల్పనకారులు తాము కుట్టిన దుస్తులను, తాము చేసిన నగలను బల్లలపై పెట్టి అమ్ముచున్నారు. మా మేనకోడలు చూపిన సంతకు అది పెద్దక్క యనవచ్చును.

ఇక మన సీమలో నేతగాని దారి యెట్లు మూతపడినదో చెప్పవలెను. 1800లో నిజాము దత్తమండలములను ఇంగ్లీషు కంపెనీకి అప్పగించెను. కంభము సీమ అందులోనిది. (ఈ సీమ 1858 వఱకు కడప మండలమునను, అటుపై 1970 వఱకు కర్నూలు మండలమునను ఉండెను.) దత్తమండలములకు మొదటి ప్రధాన కలెక్టరు తామసు మన్రో, 1807 వఱకు ఇచ్చట పనిచేసెను. రైతులకు శిస్తు కట్టిన దొరగా ఆయనను మనవారు ఎఱుగుదురు. బట్టను గూర్చి ఆయన చెప్పినది ఎఱుగనివారే యెక్కువ. 1813లో ఇంగ్లాండు కామన్సు సభవారు ఆయనను సాక్ష్యమునకు పిలిచి, హిందూదేశమున ఇంగ్లీషు సరకులకు గిరాకి యుండునా యని యడిగిరి. తానొక హిందూదేశపు శాలువను ఏడేండ్లు వాడితిననియు, అది దాదాపు క్రొత్తదివలెనే యున్నదనియు, ఊరక ఇచ్చినను యూరపు శాలువను తాను కప్పుకొననియు ఆయన జవాబిచ్చెను.

ఆ సాక్ష్యముననే ఆయన మఱియొక సంగతి చెప్పెను. దత్తమండలములకు రాకమునుపు ఆయన బారామహలులో పనిచేసియుండెను. అచ్చట కంపెనీ ఉద్యోగులు ముఖ్యులగు నేతవారిని ఒకచోట చేర్చి, కంపెనీకి తప్ప మఱెవ్వరికిని నేయమని ఒప్పుకొనువఱకు కావలి పెట్టుచుండిరట. ఒకమాఱు బయానా పుచ్చుకొన్నవాడు ఆ బాకీనుండి బయటపడుట అరుదు. బట్ట ఆలస్యమైనచో ఒక బంట్రోతు వచ్చి నేతగాని యింట కూర్చుండును. ఆ బంట్రోతు బత్తెము కూడ నేతగానిదే. శ్రోతలారా, స్వతంత్రమను మాటకు నేను వెదకిన అర్థము ఇచ్చట దొరకినది. బయానా తప్పుకాదు; నూలు కొనుటకు ఎవనికైనను రొక్కము కావలెను. కాని ఆ రొక్కముతోపాటు మఱియొకనికి అమ్ముకొను హక్కును కూడ ఎత్తుకొనిపోయినప్పుడు మగ్గము అతనిదే యైనను చేయి అతనిది కాదు. దీనికి తోడు మొతర్ఫా యను పేరున మగ్గముపై పన్ను. 1860 తరువాత గాని అది పోలేదు.

ఆ తరువాతి కథలో నాకు మిక్కిలి విచిత్రముగా తోచునది ఒక పుస్తకము. 1866లో లండనులోని ఇండియా ఆఫీసు అధికారి ఫోర్బ్సు వాట్సను హిందూదేశపు బట్టలను సేకరించి, వానిని ముక్కలుగా కత్తిరించి, 700 మచ్చులను 18 సంపుటములలో అతికించెను. ఇట్టివి 20 జతలు తయారుచేయించిరి. 13 బ్రిటనులోని పట్టణములకు, 7 హిందూదేశమునకు. పంచె యెంత పొడవుండవలెనో, అంచు ఎచ్చట రావలెనో, తలపాగకు ఏ రంగు ఇంపో అక్కడి మిల్లువారు చూచి నేయుటకే ఆ యేర్పాటు. ఒక విధముగా అది కూడ సంతయే, చక్కని సంత; నేసినవాడొక్కడే అందులో లేడు. మా అమ్మమ్మ యడుగు ప్రశ్న ఆ సంపుటముల యెదుట అడిగిన జవాబు చెప్పువారుండరు.

మిల్లు నూలు, మిల్లు బట్ట లోపలి పల్లెలకు వేగముగా వచ్చుటకు రైలు తోడ్పడెను. పందొమ్మిదవ శతాబ్ది తుదిదశలో గుంతకల్లునుండి బెజవాడకు నల్లమలను తొలిచి మార్గము వేసిరి. గిద్దలూరు, కంభము, మార్కాపురము దానిమీదివే. పెరికెయెడ్ల పని తీఱెను. 1897లో జర్మనీవారు కృత్రిమపు నీలిమందును అంగడికి తెచ్చిరి. కడప, కర్నూలు సీమల నీలిమందు తొట్లు క్రమముగా ఎండిపోయినవి. 1921 వసంతమున బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘము ఇరువది లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించెను. 1935లో మదరాసులో నేతవారి సహకార సంఘము, 1952లో అఖిల భారత హస్తకళల మండలి, 1976లో ఆప్కో వచ్చినవి. సహకార సంఘములను చులకన చేయుట నేడు వాడుకయైనది, నేను చేయను. కరవునాట మగ్గమును నిలిపినవి అవియే. కాని వానివలన కూడ కొనువాడును నేసినవాడును ముఖాముఖి కలిసికొనలేదు. 1994లో ఢిల్లీలో వెలసిన ఢిల్లీ హాటునందు చేతిపనివారికి వంతులవారీగా కొన్ని దినములకు దుకాణములిచ్చు పద్ధతి పెట్టిరి. హాటనగా సంత యనియే అర్థము.

ఇన్ని చెప్పి, నేను మోసపోయిన సంగతి దాచుట న్యాయము కాదు. మొదట చెప్పిన ఆ నగరపు సంతలోనే ఒక బల్లయొద్ద నాకొక చీర నచ్చెను. చేనేత యనిరి, నమ్మితిని. ఇంటికి తెచ్చి వెలుతురున చూడగా నూలు ఒక గీతగీసినట్లు ఎచ్చటను తడబాటు లేక సాగియున్నది. మగ్గముమీద వెడల్పు తగ్గకుండ బట్టను బిగబట్టు బద్దకు సూదిమొనలుండును. వాని గుఱుతులు అంచులవెంట సన్నని రంధ్రములుగా మిగులును. ఆ గుఱుతు లేనేలేదు. (అదియొక్కటే చాలదు సుమా, మరమగ్గపు బట్టపైనను అట్టి గుఱుతులు పడవచ్చును.) కొన్ని రకములను చేమగ్గమునకే ప్రత్యేకించి 1985లో పార్లమెంటు చట్టము చేసినది. చట్టము మా అమ్మమ్మ గోరు వంటిది కాదు. అది ప్రతి బల్లయొద్దను ఉండజాలదు. 2009–10 నాటి లెక్కలో దేశమున చేనేత పనివారు 43 లక్షలకు పైగా నుండిరి. 2019–20 నాటికి 35 లక్షలకు దిగిరి. నేను చెల్లించిన ధర చేనేత ధర. అది ఏ నేతగానికిని ముట్టలేదు. నా డబ్బు పోయినందుకంటె ఆ సంగతికే ఎక్కువ నొచ్చుకొంటిని.

మఱునాడు అదే సంతకు మరల పోతిని; ఆ బల్లకు కాదు. చివరి వరుసలో తీరప్రాంతపు నేతకుటుంబము వారొకరు కూర్చుండియుండిరి, భర్తయు భార్యయు. ముందర నాలుగే చీరలు. మా మేనకోడలు ధర యడుగబోగా నేను వారించి, చీర మడత విప్పి వెలుతురునకు పట్టి చూపితిని. ఒకచోట పేక కొంచెము వదులు. వ్రేలు పెట్టి చూపగా అతడు సిగ్గుపడి, ఆ దినము వాన కురిసి పడుగు చెమ్మగిలినదని చెప్పెను. భార్య అతనివైపు చూచి, వాన కాదు, ఆ పూట నేసినది నీ తమ్ముడు అనినది. మా మేనకోడలికి అంచు నచ్చెను గాని రంగు నచ్చలేదు. అదే అంచుతో చిలుకపచ్చది నేయుదురా యని అడిగినది. ఆమె నూలుకని మూడవవంతు సొమ్ము అడిగి పుచ్చుకొని, ఒక పాత నోటుపుస్తకములో మా పేరు వ్రాసికొని, సంక్రాంతి వెళ్లిన తరువాత పంపుదుమనినది. ఈలోపల మఱియొకరు ఎక్కువ ధరకు అడిగిన నేమి చేయుదురని నేను వేడుకకు అడిగితిని. "వాళ్లకు ఇంకోటి నేస్తామండీ" అనెను ఆ భర్త.