రాజీనామా అంటే రాజీ కాగితమే

నేను మునసబు కోర్టులో గుమాస్తాగా చేరిన కొత్తలో ఒక కట్ట మీద ‘రాజీనామా దాఖలైనది’ అని చూసి, ఎవరు ఉద్యోగం మానేశారా అని కంగారుపడ్డాను. శిరస్తాదారుగారు నవ్వి, “అది ఉభయులూ రాజీపడి రాసిచ్చిన కాగితమయ్యా” అన్నారు.

అంతకుముందు రచ్చబండ తీర్పులకూ ఇలాంటి కాగితం ఉండేది. పెద్దలు చెప్పినదానికి కట్టుబడతామని కక్షిదారులు ముందే రాసిచ్చే దాన్ని ముచ్చలిక అనేవారు. దత్తమండలాలలో 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో ఈ పంచాయతీలను మెచ్చాడు. ఆయన కృషి వల్లనే మద్రాసు ప్రభుత్వం 1816లో గ్రామ పెద్దకు మునసబుగా చిన్న దావాలు విచారించే అధికారమిచ్చింది. ఉభయులూ ఒప్పుకుంటే గ్రామ పంచాయతీకీ దావా అప్పగించవచ్చన్నది. ఆయన ఆశించినంతగా ఆ పంచాయతీలు నడవలేదు. గ్రామ మునసబు మాత్రం నిలిచాడు. మన రాష్ట్రంలో 1984లో మునసబు, కరణం పదవులు రద్దయ్యేదాకా ఉన్నాడు.

పాత పంచాయతీని పొగిడేవారు మనలో చాలామంది ఉన్నారు. ఖర్చు లేదు, వాయిదాలు లేవు, గట్టు తగాదా అయితే పెద్దలు పొలానికే వెళ్ళి చూసేవారు. నిజమే. కాని నా చిన్నతనంలో మా ఊరి రచ్చబండ దగ్గర చూసినది మరచిపోలేను. భర్త పోయిన ఒకావిడ వాటా గురించి పంచాయతీ. ఆవిడ తరఫున మాట్లాడినది మరిదే, ఎదుటి పక్షమూ ఆయనే! ఆవిడ తలుపు చాటున నిలబడింది. ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యమని తేల్చి, కాగితం లోపలికి పంపి వేలిముద్ర వేయించారు. చదివి వినిపించినవారు లేరు.

న్యాయ సేవా ప్రాధికార సంస్థల చట్టం 1987లో వచ్చినా, అమలు 1995 నవంబరు 9న మొదలైంది. లోక్ అదాలత్‌లకు దానితో చట్టబద్ధత వచ్చింది. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వాపసు. అయితే మామూలు లోక్ అదాలత్ రాజీ కుదర్చవలసిందే గాని తానుగా తీర్పు చెప్పరాదని సుప్రీంకోర్టు 2008లో స్పష్టం చేసింది. అప్పీలు లేని కాగితం కనుక, సంతకానికి ముందు ప్రతి పంక్తీ చదివించుకోవాలి. మన పెన్షనర్లలో ఇంటి వాటాల గొడవలున్నవారికి ఇది మరీ ముఖ్యం. 2023లో మధ్యవర్తిత్వానికి వేరే చట్టమే వచ్చింది.

నేను జిల్లా కోర్టుకు మారాక, 1998లో, ఒక లోక్ అదాలత్‌లో లారీ ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న అమ్మాయి కేసు వచ్చింది. బీమా కంపెనీ ఇస్తానన్నది ఆమె అడిగినదాంట్లో సగం కూడా లేదు. జడ్జిగారు కాగితం తెలుగులో చదివించి, “అమ్మా, నీకు ఇష్టమేనా? వద్దంటే కేసు మామూలుగానే నడుస్తుంది” అని రెండుసార్లు అడిగారు.

“ఎన్నేళ్ళు పడుతుందయ్యా?” అందామె. ఎవరూ జవాబు చెప్పలేదు. సంతకం పెట్టింది.

ఆ అవార్డు నకలు రాసినది నేనే. ఆమెది ఇష్టమో, విసుగో నాకీనాటికీ తేలలేదు. చెక్కు మాత్రం నెల తిరక్కుండా వచ్చింది.