సంగ్రామ్: ఒక వేట తుపాకి లెక్కలు

ఢిల్లీ విమానాశ్రయానికి ఆనుకొని ఉన్న పాలం గ్రామం మొగల్ చక్రవర్తుల వేటభూమి. జహంగీరు, షాజహానులు ఆ మైదానాలలో కృష్ణజింకలను వేటాడారు. అక్కడికి కొద్ది దూరంలో, ఉత్తమ్ నగర్ సమీపాన, ఇరుకు ఇళ్ల నడుమ నిలిచిన హస్త్‌సాల్ మినారు షాజహాను కాలపు వేట కట్టడమని ప్రతీతి. ఆ వేటలను గురించి, వాటిని చిత్రించిన సూక్ష్మచిత్రాలను గురించి పండితులు విస్తారంగా వ్రాశారు. అయితే వేటకు వెళ్లే తుపాకిని ఏ విధంగా ఎంచుకునేవారు, దాని గురి నమ్మదగినదని ఎలా నిర్ధారించేవారు అన్న ప్రశ్నకు సమాధానం అంతకు ముందు తరంలో, అక్బరు ఆయుధశాలలో లభిస్తుంది. అబుల్ ఫజల్ తన 'ఐన్-ఇ-అక్బరీ'లో ఈ విషయానికి ప్రత్యేక ప్రకరణాలనే కేటాయించాడు.

అవి వత్తితో పేల్చే తుపాకులు. వాటిలో అధికభాగం నున్నని గొట్టం గలవి. గుండుకు భ్రమణమిచ్చే మరచుట్టు గాళ్లు లోపల ఉండవు. కనుక గురి సాంతం గొట్టం తిన్నదనం మీద, గుండు కొలత మీద ఆధారపడేది. పూర్వం ఇనుప రేకును వంచి రెండు అంచులను అతికేవారు. అతుకు విడిపోయి ప్రాణాపాయం కలిగేది. అక్బరు కాలంలో రేకును కాగితపు చుట్టవలె ఏటవాలుగా మెలిపెట్టి, మడత మీద మడత పడేటట్లు కాల్చి అతికే పద్ధతి వచ్చింది. అబుల్ ఫజల్ దీనిని ప్రభువు ప్రతిభకే ఆపాదించాడు. ఆస్థాన చరిత్రకారునికి అది సహజమే. అయినా ఉస్తాద్ కబీర్, హుసేన్ అనే పనివారి పేర్లను ఆయన విడిచిపెట్టలేదు. ఘనతలో అధికభాగం వారికే చెందాలి.

ఇక పరీక్ష సంగతి. గొట్టం అడుగు మూసిన తరువాత దానిని ఒక పాత కొయ్యపిడికి బిగించి, మూడవ వంతు వరకు మందు నింపి పేల్చేవారు. ఎక్కడా చెమర్చినట్లు మందు కారకుంటేనే గొట్టం తదుపరి దశకు పోయేది. మూతి పని ముగిసిన పిమ్మట గుండుతో మరొక పరీక్ష జరిగేది. గుండు వంకరగా పోయినట్లయితే గొట్టాన్ని కాల్చి, లోపల కడ్డీ దూర్చి సరిచేసేవారు. నగిషీ పని అంతా ఆ తరువాతనే. ఈ క్రమం గమనింపదగినది: గురి కుదరని గొట్టానికి అలంకారం లేదు. గుండు బరువు పెద్ద తుపాకికి 25 టంకాలకు, చిన్నదానికి 15 టంకాలకు మించరాదు. 25 టంకాలంటే దాదాపు నూరు గ్రాములు. అంత గుండును పేల్చే సాహసం చక్రవర్తికి తప్ప అన్యులకు లేదని అబుల్ ఫజల్ అంటాడు.

ప్రతి తుపాకి మీద ముడి ఇనుము బరువు, తయారైన ఇనుము బరువు, ఇనుము వచ్చిన చోటు, పనివాని పేరు, తయారైన స్థలం, తేదీ, వరుస సంఖ్య చెక్కేవారు. ఇట్లు వేల తుపాకులలో నుండి 105 మాత్రమే చక్రవర్తి సొంత వాడుకకు ఎంపికైనవి. వాటిలో మొదటి 12 నెలకొకటి చొప్పున వంతు తీసుకునేవి. వాటన్నిటిలో అగ్రస్థానం 'సంగ్రామ్'ది. సంవత్సరాది మాసమైన ఫర్వర్దీన్ దాని వంతు. ఏ తుపాకితో ఎన్ని జంతువులు పడినవో లేఖకులు వ్రాసి ఉంచేవారు. సంగ్రామ్ ఖాతాలో 1,019 చేరినవి.

ఇదే సంగ్రామ్‌తో 1568 ఫిబ్రవరిలో చిత్తోడు ముట్టడి వేళ అక్బరు కోటగోడ మీది యోధునొకని కాల్చాడు. అతడు జయమల్ అని తరువాత తెలిసింది. కాల్చిన వెంటనే, వేటలో గుండు మృగానికి తగిలినప్పుడు చేతికి కలిగే తేలికదనమే ఇప్పుడూ కలిగినదని ఆయన రాజా భగవంత్ దాసుతో అన్నట్లు 'అక్బర్‌నామా' చెబుతుంది. లేఖకుని పద్దుకు, వేటగాని చేతికి తెలిసే గురి ఇది.

సంగ్రామ్‌తో తన తండ్రి మూడు నాలుగు వేల పక్షులను, మృగాలను కొట్టాడని జహంగీరు తన ఆత్మకథలో వ్రాశాడు. పద్దులోని సంఖ్యకు ఇది మూడింతలు, నాలుగింతలు! 'ఐన్' రచన 1590 దశకంలో ముగిసింది, అక్బరు 1605 వరకు జీవించాడు. కనుక కొంత పెరుగుదల సంభవమే. ఇంత పెరుగుదలను నమ్మడం కష్టం. తేదీ, సంఖ్య గల పద్దునకే ఇక్కడ విలువ ఎక్కువ. తన వేట విషయంలో జహంగీరు కూడా ఉజ్జాయింపుతో తృప్తిపడలేదు. పన్నెండవ యేట నుండి పాలన పదకొండవ సంవత్సరం వరకు తన ఎదుట 28,532 జంతువులు పడినవని, వాటిలో 17,167 స్వయంగా చంపినవని లెక్క కట్టించాడు. గురికి నిదర్శనంగా వ్రాసుకున్న ఈ అంకెలే పాలం మైదానాల వంటి చోట్ల జింక ఎందుకు మిగలలేదో కూడ కొంత చెబుతాయి.

పందొమ్మిదవ శతాబ్ది చివర వచ్చిన బోల్టు రైఫిలును ఎంచుకునేవారు చూచినవీ దాదాపు ఇవే. 1898 నాటి మౌజరులో బోల్టు ముందు కొసనున్న రెండు ఉక్కు చెవులు గాడిలో తిరిగి బిగుసుకొని, పేలుడు ఒత్తిడికి బోల్టు వెనక్కి రాకుండా పట్టి ఉంచినవి; అక్బరు పనివారు గొట్టం అడుగున వెదకిన కారుడును అరికట్టినది ఉబ్బి గొట్టం గోడకు అదుముకునే ఇత్తడి తూటా గుల్ల. తిన్నని గొట్టం, దానికి నప్పే గుండు అప్పుడూ ముఖ్యమే. మారినది కొలత. ఒకే చోటికి గురిపెట్టి వరుసగా కాల్చిన మూడు లేక ఐదు గుండ్లు కాగితం మీద ఎంత దగ్గరగా పడినవో చూస్తారు. ఒక్క గుండు నడిమధ్యన తగిలితే అది అదృష్టం కావచ్చును.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దేశంలో వేటకు దాదాపు తెరపడింది. ఢిల్లీలో గురి పరీక్ష 1982 ఆసియా క్రీడల కొరకు తుగ్లకాబాద్ వద్ద నిర్మించిన, నేడు డాక్టర్ కర్ణీ సింగ్ పేరు గల కాల్పుల మైదానానికి చేరింది. 2010 కామన్వెల్త్ క్రీడలలో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ అక్కడ నాలుగు స్వర్ణాలు గెలుచుకున్నాడు. వాటిలో రెండు 50 మీటర్ల రైఫిలు పోటీలలో వచ్చినవి. ఆ పద్దులో నమోదైనవన్నీ కాగితం మీది రంధ్రాలే.