వెలుతురు మీద కబురు: రెండు శతాబ్దాల వ్యాపార చరిత్ర

తంతి తపాలా శాఖలో ఏ విభాగంలో పనిచేసిన వారికైనా తీగ, స్తంభం, కేబుల్ గుంత అనేవి జీవితంలో భాగమైపోయిన మాటలు. ఇప్పుడు తీగ అక్కరలేకుండా కాంతి కిరణం మీదనే సమాచారాన్ని పంపే విద్య 'లై-ఫై' అనీ, 'ఫ్రీ స్పేస్ ఆప్టిక్స్' అనీ కొత్త కొత్త పేర్లతో తరచు పత్రికలకెక్కుతున్నది. ఇంట్లో మనుమలు దీనిని గురించి అడిగితే, ఇది నిన్న మొన్న పుట్టిన విద్య కాదనీ, తీగ కంటే కూడా పాతదనీ మనం చెప్పగలగాలి.

ఈ విద్య చరిత్రలో ఒక విచిత్రమున్నది. ప్రతి తరంలోనూ ఎవరో ఒక మేధావి దీనిని పనిచేయించి చూపించారు. అయినా వ్యాపారంగా నిలబడినది మాత్రం బహు తక్కువ సార్లు. లోపం చాలాసార్లు పరికరంలో లేదు. దీనికి డబ్బు ఎవరిస్తారు, చేతిలో ఉన్న పాత సాధనాన్ని వదిలి ఎందుకిస్తారు అనే లెక్క దగ్గరనే కథ అడ్డం తిరిగింది. ఆ లెక్కను వరుసగా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చేతులూపే స్తంభాలు

ఫ్రాన్సు దేశంలో విప్లవం నడుస్తున్న రోజులలో క్లాడ్ షాప్ అనే ఆయన ఎత్తయిన కట్టడాల మీద కొయ్య చేతులు అమర్చి, వాటిని రకరకాల భంగిమలలో నిలిపి, దూరదర్శినితో చూసే పక్క స్టేషను వారికి సంకేతాలు అందే ఏర్పాటు చేశారు. 1794లో పారిస్ నుండి లీల్ పట్టణం వరకు మొదటి లైను నడిచింది. క్రమంగా అది దేశమంతా విస్తరించి దాదాపు 5,000 కిలోమీటర్లకు, 500కు పైగా స్టేషన్లకు పెరిగింది. పొగమంచు పట్టినా, చీకటి పడినా పని ఆగిపోయేది.

షాప్ గారికి వ్యాపార దృష్టి కూడా ఉన్నది. సరుకుల ధరలు, వార్తలు ఈ లైను మీద పంపి రుసుము తీసుకుందామని ఆయన ప్రతిపాదించారు. ప్రభుత్వాధినేత అయిన నెపోలియన్ వర్తకుల వాడకానికి ఒప్పుకోలేదు. లాటరీ ఫలితాలు పంపడానికి మాత్రం అనుమతి దొరికింది. ఖర్చంతా ఖజానాదే కావడంతో, ఖజానాకు అవసరమున్నంత మేరకే ఆ లైను బ్రతికింది.

వర్తకులకు నిజంగానే అవసరమున్నదనడానికి ఒక సాక్ష్యం కలదు. 1834 నుండి 1836 వరకు బోర్డో నగరంలో బాండ్ల వ్యాపారం చేసే బ్లాంక్ సోదరులు టూర్ స్టేషనులోని ఉద్యోగికి లంచమిచ్చి, సర్కారు సందేశాలలో దొంగచాటుగా ఒక తప్పు గుర్తును దూర్పించేవారు. పారిస్ మార్కెట్ ధర పెరిగిందో తగ్గిందో ఆ గుర్తును బట్టి అందరి కంటే ముందుగా వారికి తెలిసిపోయేది. దొరికిపోయిన తరువాత చూస్తే వారిని శిక్షించడానికి తగిన చట్టమే లేదు. దాంతో 1837లో సంకేత వార్తలపై సర్వాధికారం ప్రభుత్వానిదేనని చట్టం చేశారు. డబ్బు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న ఖాతాదారుకు తలుపు మూసి ఉంచితే అతడు దొడ్డిదారి వెతుక్కుంటాడని ఈ ఉదంతం చెబుతున్నది. తరువాత విద్యుత్ తంతి వచ్చి, రాత్రింబవళ్ళు పనిచేసి, వర్తకులను ఆహ్వానించింది. 1850ల మధ్య నాటికి కొయ్య చేతులు దిగిపోయాయి.

అద్దాలు, ఎండ

తరువాతి ఘట్టానికి మన ఉపఖండంతోనే సంబంధమున్నది. కరాచీలో పర్షియన్ గల్ఫ్ తంతి శాఖలో పనిచేసిన హెన్రీ మాన్స్, 1869లో హీలియోగ్రాఫ్ అనే సాధనాన్ని రూపొందించారు. అద్దం మీద పడిన ఎండను దూరంగా ఉన్న వారి వైపు మళ్ళించి, మీట నొక్కుతూ మెరుపులను చుక్కలు, గీతలుగా పంపడమే అందులోని కిటుకు. అంటే మన మోర్సు సంకేతాలే. తీగ లాగడానికి వీలులేని కొండలలో, శత్రువు తీగ కోసే ప్రదేశాలలో సైన్యానికి ఇది ఎంతగానో ఉపకరించింది. 1878లో మొదలైన రెండవ ఆఫ్ఘన్ యుద్ధంలో దీనిని బాగా వాడారు. తీగ ఉన్న ఊళ్ళలో దీని అవసరం ఎవరికీ కలగలేదు. కనుక ఇది సైన్యం సామగ్రిగానే మిగిలిపోయింది.

ఇక టెలిఫోను జనకుడు గ్రాహంబెల్. 1880 జూన్ 3న వాషింగ్టన్‌లో ఒక పాఠశాల పైకప్పు నుండి 213 మీటర్ల దూరంలోని తన ప్రయోగశాలకు ఆయన, సహచరుడు టెయింటర్ ఎండ కిరణం మీద మాటను పంపారు. మాట్లాడినప్పుడు పలుచని అద్దం కంపించి వెలుతురులో హెచ్చుతగ్గులు కలుగుతాయి. అవతలి వైపున సెలీనియం అనే పదార్థం ఆ హెచ్చుతగ్గులను విద్యుత్తుగా మారుస్తుంది. దీనికి ఫోటోఫోన్ అని పేరు పెట్టారు. టెలిఫోను కంటే ఇదే తన గొప్ప ఆవిష్కరణ అని బెల్ గారి అభిప్రాయం. కాని మబ్బు పడితే మాట ఆగిపోయే ఫోనుకు చందాదారులు ఎక్కడ దొరుకుతారు? అప్పటికే తీగ ఫోను నడుస్తున్నది, నెలనెలా అద్దె వస్తున్నది. ఆవిష్కర్త మెచ్చినది ఒకటి, ఖాతాదారు మెచ్చినది మరొకటి అయింది.

గాజు గొట్టంలో దొరికిన గెలుపు

వెలుతురు వ్యాపారంలో గెలిచినది బయటి గాలిలో కాక గాజు పోగులో. 1960లో మైమన్ లేజరును వెలిగించారు. 1966లో చార్లెస్ కావ్, గాజును బాగా శుద్ధి చేస్తే వెలుతురు చాలా దూరం పోతుందని లెక్క కట్టి చూపారు. ఆయనకు 2009లో నోబెల్ బహుమతి లభించింది. 1970లో కార్నింగ్ కంపెనీ అటువంటి గాజు పోగును తయారు చేసింది. మన దేశంలో 1979లో పుణే ఎక్స్ఛేంజీల నడుమ తొలి ఫైబర్ లైను పనిచేసింది.

టెలిఫోను సంస్థలు దీనిని వెంటనే అందుకోవడానికి కారణం స్పష్టం. గుంతలు, డక్టులు, సిబ్బంది, చందాదారులు అప్పటికే వారి చేతిలో ఉన్నారు. రాగి కేబుల్ మీద రద్దీ పెరిగిపోయింది. ఫైబరు మంచుకు, మబ్బుకు లోబడదు. ఎవరి అలవాటూ మార్చకుండానే, ఉన్న ఆదాయానికే ఖర్చు తగ్గించి పెట్టింది.

తొందరపడిన వారు

2000వ సంవత్సరం నాటికి ఇంటర్నెట్ మోజు పరాకాష్ఠకు చేరింది. అమెరికాలో సియాటిల్‌కు చెందిన టెరాబీమ్ అనే సంస్థ, వీధులు తవ్వకుండా భవనం నుండి భవనానికి కాంతి కిరణం మీద డేటా ఇస్తామన్నది. లూసెంట్ వంటి మహా సంస్థ నగదు, పరిశోధన ఆస్తులు కలిపి 45 కోట్ల డాలర్ల విలువైన పెట్టుబడికి ఒప్పుకున్నది. మాట్లాడుకోవడానికి ఎంతో బాగున్నది. కాని పెద్ద భవనాల దాకా ఫైబర్ కేబుల్ వస్తూనే ఉన్నది. టెలికాం షేర్లు కూలిపోయి, వేసిన కేబులే వాడేవారు లేక మిగిలిపోయింది. చివరకు 2004లో వై.డి.ఐ. వైర్‌లెస్ అనే సంస్థ టెరాబీమ్‌ను కొనుక్కున్నది.

చేతిలో పట్టే పరికరాలలోనూ ఇటువంటి పాఠమే జరిగింది. కంటికి కనిపించని పరారుణ కాంతితో ఫోన్లు, కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి 1993లో కంపెనీలన్నీ కలిసి ఒక ప్రమాణ సంఘం పెట్టుకున్నాయి. కొంతకాలం చాలా ఫోన్లలో ఆ కిటికీ ఉండేది. అయితే రెండు పరికరాలను ఎదురెదురుగా కదలకుండా పట్టుకోవాలి. జేబులో ఉండగానే పనిచేసే బ్లూటూత్ రాగానే జనం అటు మళ్ళారు. అదే పరారుణ కాంతి టీవీ రిమోటులో మాత్రం నిలిచింది. చవకగా, ఒకే ఒక్క పని, టీవీకి ఎదురుగా కూర్చున్న వారికే కావలసిన పని చేస్తుంది కాబట్టి.

లై-ఫై కథ

తెల్లని ఎల్.ఇ.డి. దీపాలు వచ్చిన తరువాత జపాన్‌లో కీయో విశ్వవిద్యాలయం వారు దీపాన్నే డేటా సాధనంగా వాడే పరిశోధనలు గావించారు. ఎల్.ఇ.డి.ని కంటికి తెలియనంత వేగంగా హెచ్చించి తగ్గించవచ్చు. 2011లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ ఆచార్యులు హెరాల్డ్ హాస్ ఒక సభలో బల్లదీపం వెలుతురు మీద వీడియో నడిపించి చూపారు. లై-ఫై అనే పేరు ఆయన పెట్టినదే. 2012లో వారు స్థాపించిన కంపెనీ తరువాత ప్యూర్‌లై-ఫై అయింది. దీపాల తయారీలో పేరుపొందిన ఫిలిప్స్ లైటింగ్ కూడా 2018లో ఈ రంగంలోకి వచ్చింది.

ఇక్కడ కూడా అదే ప్రశ్న. ఇంట్లో వై-ఫై ఉండగా లై-ఫై ఎవరు కొంటారు? కాంతి గోడ దాటదు. సామాన్యునికి ఇది ఇబ్బంది, రహస్యం కాపాడుకోవలసిన వానికి ఇదే గుణం. అందుకే 2021లో యూరప్‌లోని అమెరికా సైన్యానికి పరికరాలు సరఫరా చేసే ఒప్పందం ప్యూర్‌లై-ఫైకి లభించింది. ఆ తరువాత వారు పెట్టెలు అమ్మడంతో సరిపెట్టుకోక, ఫోన్ల తయారీదారులు లోపల అమర్చుకోగల చిన్న భాగాలను తయారుచేసే మార్గం కూడా పట్టారు. 2023లో వై-ఫై ప్రమాణాల కుటుంబంలోనే కాంతికి కూడా ఒక ప్రమాణం వెలువడింది. దీనివల్ల ఇప్పుడున్న వై-ఫై చిప్పులనే దీనికీ వాడుకునే వీలు ఏర్పడింది. పాతదానితో పోటీ మాని దానితో పొత్తు కలపడం మంచి వ్యూహమనే చెప్పాలి.

ఆంధ్ర దేశం ప్రస్తావన

గూగుల్ మాతృసంస్థ ఆల్ఫబెట్‌లో 'ఎక్స్' అనే పరిశోధన విభాగమున్నది. ఎత్తున తిరిగే బెలూన్ల ద్వారా ఇంటర్నెట్ ఇవ్వాలని వారు లూన్ అనే పథకం నడిపారు. బెలూనుకూ బెలూనుకూ నడుమ కాంతి కిరణంతో లంకె వేశారు. ఖర్చు గిట్టక 2021లో లూన్ మూసివేతను ప్రకటించారు. కాని ఆ కాంతి లంకెను వారు అంతకు ముందే నేలకు దించారు. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్‌కు ఇటువంటి 2,000 లంకెలు ఇస్తామని ఎక్స్ ప్రకటించింది. కేబుల్ వేయడం కష్టమైన చోట్ల సెల్ టవర్లకు, వై-ఫై కేంద్రాలకు ఫైబరును కలపడం దాని లక్ష్యం.

ఇదే పని తారా అనే పేరుతో ముందుకు సాగింది. ఆఫ్రికాలో కాంగో నదికి అటూ ఇటూ రెండు రాజధానులు, బ్రజావిల్, కిన్షాసా. నడుమ దూరం 5 కిలోమీటర్ల లోపే. అయినా నదిని చుట్టివచ్చే ఫైబరు 400 కిలోమీటర్లకు పైగా పోవాలి. అందువల్ల కిన్షాసాలో ఇంటర్నెట్ ఖరీదు ఎంతో ఎక్కువ. 2021లో తారా నది మీదుగా 4.8 కిలోమీటర్ల కిరణం వేసి, 20 రోజులలో దాదాపు 700 టెరాబైట్ల సమాచారాన్ని 99.9 శాతం అంతరాయం లేకుండా పంపినట్లు ప్రకటించింది. పరికరం ట్రాఫిక్ లైటు పరిమాణంలో ఉంటుంది. 20 కిలోమీటర్ల వరకు పనిచేస్తుందని వారి మాట. 2023లో భారతీ ఎయిర్‌టెల్‌తో కలిసి మన దేశంలో పనిచేస్తున్నట్లు తెలిపారు. 2025 మార్చిలో తారా ఆల్ఫబెట్ నుండి విడివడి స్వతంత్ర సంస్థ అయింది.

టెరాబీమ్‌కూ దీనికీ తేడా గమనించదగినది. టెరాబీమ్ కేబుల్ దొరికే చోటనే కేబుల్‌తో తలపడింది. తారా కేబుల్ పోలేని నది, లోయ, అడవి వెతుక్కున్నది. చందాదారులను తానే సంపాదించుకోవాలని చూడక, టవర్లూ చందాదారులూ మరమ్మతు సిబ్బందీ ఉన్న టెలిఫోన్ కంపెనీకే తన సరుకు అమ్మింది. షాప్ గారి నాటి పొగమంచు నేటికీ ఉన్నది. మంచు బిందువులు వెలుతురును చెదరగొడతాయి. కనుక మంచు ఎక్కువగా పట్టే ప్రాంతాలలో ఈ లంకె ఒక్కదానినే నమ్ముకోరాదు. ఒక్క మాట మరువరాదు. ప్రతి కిరణానికీ రెండు కొసలలో ఎక్కడో ఒకచోట ఫైబర్ కేబుల్ ఉండి తీరాలి. కేబుల్ వేసిన చేతుల పని వృథా పోలేదు.

మనకు పనికివచ్చే లెక్క

ఈ చరిత్ర మనకెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. పదవీ విరమణ సొమ్ము చేతికి వచ్చిన ఇంటికి కొత్త సాంకేతిక విద్య పేరుతో షేర్లు కొనమనే వారు రాక మానరు. మన పిల్లలు కొందరు ఇటువంటి కొత్త కంపెనీలలో ఉద్యోగాలకు వెళుతున్నారు. అటువంటప్పుడు పరికరం ఎంత వేగంగా పనిచేస్తుందని అడిగి ఊరుకోవద్దు. ఈ రోజు దీనికి డబ్బు కడుతున్నది ఎవరు? వాళ్ళకు ఇంతకంటే చవకైన దారి లేదా? మంచు పట్టిన రోజు ఏమి చేస్తారు? చెడిపోతే బాగుచేయడానికి ఎవరు వస్తారు? ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు రాకపోతే బ్యాంకులో ఉన్న సొమ్మును కదిలించకపోవడమే మంచిది.

ఇది మనకు తెలియని విద్యేమీ కాదు. ఊళ్ళో కొత్త ఎక్స్ఛేంజి అన్నప్పుడు, యంత్రం ఎంత గొప్పదని చూసేముందు, డిపాజిట్టు కట్టి వెయిటింగ్ లిస్టులో ఎందరున్నారని లెక్కపెట్టిన వాళ్ళం మనం.