తుపాను రోజున ‘ద స్టార్మ్’

2023 డిసెంబరు 5, మధ్యాహ్నం. గంటకి 90, 100 కిలోమీటర్ల గాలితో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటుతోంది. ఒంగోలు లాయర్‌పేటలో కరెంటు లేదు. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి. పోతురాజు కాలువ పొంగుతుందేమోనని వీధంతా బెంగ. తమ్ముడు ఫోన్‌లో ముందే దించిపెట్టుకున్న ఎపిసోడ్ తీశాడు. మంచం మీద మధ్యలో నాయనమ్మ, చెరో పక్కా మేం.

‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ మొదటి సీజన్‌లో 12వది, ‘ద స్టార్మ్’. 2005లో అమెరికాలో నికెలోడియన్‌లో వచ్చింది.

రేవులో ముసలి జాలరి వేటకి బయల్దేరుతున్నాడు. కీళ్లు పీకుతున్నాయి, గాలివాన తప్పదు, పోవద్దని పెళ్లాం పోరుతోంది. కొత్తపట్నంలో పుట్టి పెరిగిన నాయనమ్మకి ఇంగ్లీషు రాదు. తమ్ముడు చెప్పీ చెప్పకముందే, “ఆమె మాట వినమనరా అబ్బాయా, మోకాళ్లు అబద్ధం చెప్పవు” అంటోంది.

ఆ జాలరే కథానాయకుడైన పిల్లాడు ఆంగ్‌ను పోల్చుకుని నిలదీస్తాడు: 100 ఏళ్లు లోకాన్ని గాలికొదిలేసి ఎక్కడికి పోయావని. పిల్లాడు నోరు మెదపకుండా ఎగిరిపోతాడు. గుహలో స్నేహితురాలు కటారా వచ్చి పక్కన కూర్చున్నాక గానీ చెప్పడు.

లోకాన్ని కాపాడాల్సిన అవతార్‌వి నువ్వేనని 16 ఏళ్లు వచ్చాక చెప్పాల్సింది, 12 ఏళ్లకే చెప్పేశారు. నువ్వు ఏ జట్టులో ఉంటే ఆ జట్టే గెలుస్తుంది, అది అన్యాయమంటూ స్నేహితులు వాణ్ని ఆటలోంచి తప్పిస్తారు. ఈ సిరీస్‌లో ఏ యుద్ధమూ నన్నింత బాధపెట్టలేదు. పెంచిన గురువు గ్యాట్సో నుంచి కూడా వాణ్ని విడదీయాలని పెద్దలు తీర్మానిస్తారు. అది చెవిన పడగానే ఉత్తరం రాసిపెట్టి, రాత్రికి రాత్రే తన ఎగిరే దున్న అప్పా మీద ఎక్కి పారిపోతాడు. నిన్నెవరికీ ఇవ్వనని చెబుదామని గ్యాట్సో గదిలోకి వచ్చేసరికి పిల్లాడు లేడు.

“ఒక్క పూట ఆగితే సరిపోయేదే తండ్రీ!” నాయనమ్మ గొంతు పూడుకుపోతోంది.

అటు ఆంగ్ కోసం వెతుకుతున్న యువరాజు జూకో ఓడలో, అతని పెదనాన్న ఐరో సిబ్బందికి జూకో సంగతి చెబుతున్నాడు. కొత్త సైనికుల్ని ఎరగా వేసి చంపించాలన్న సేనాపతి పథకం తప్పని నిండు సభలో అన్నాడు ఆ 13 ఏళ్ల పిల్లాడు. దానికి ద్వంద్వయుద్ధం. సేనాపతితోనే అనుకుని వెనక్కి తిరిగితే ఎదురుగా తండ్రి! మోకాళ్ల మీద పడి వేడుకుంటాడు. మంట ముఖానికి తగిలే క్షణం మనకి చూపించరు. ఐరో తల తిప్పుకోవడం కనపడుతుంది, కేక వినపడుతుంది. అంతే. చూపించకపోవడమే ఆ దర్శకురాలి గొప్పతనం.

“కన్నతండ్రేనంట్రా?”

“అవును నాయనమ్మా.”

ఇద్దరూ పిల్లలే. ఇద్దరూ తమ తప్పు కానిదాన్ని మోస్తున్నారు; ఒకడు పారిపోతుంటే ఇంకొకడు వెంటాడుతున్నాడు. జూకో చేసేవి సరైనవని కథ ఎక్కడా అనదు. అయినా పిడుగు పడ్డ ఓడ మీద వేలాడుతున్న చుక్కానివాణ్ని జూకో ఎక్కి అందుకుంటుంటే, తమ్ముడు పిడికిళ్లు బిగించాడు. అంతలో ఆకాశంలో అప్పా. ఏళ్ల తరబడి వెతుకుతున్న ఆంగ్ అంత దగ్గరగా! “వాణ్ని వదిలేయండి, ముందు ఓడని కాపాడండి” అంటాడు జూకో. ఓడ తుపాను కంట్లోకి మళ్లుతుంది.

“అక్కడ గాలి ఆగుద్ది గానీ అదే సందని నమ్మొద్దు,” నాయనమ్మ ఫోన్ మీదికి వంగింది. “దాటాక ఎదురుగాలి కొట్టుద్ది. తాడు వదలొద్దని చెప్పరా వాడికి.”