చవక కన్వర్టరుకు చట్టం తెరిచిన దారి

అమెరికాలో 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం ఫలితంగా 1975 మోడల్ కార్లలో ఎక్కువ భాగం, పొగలోని విషవాయువులను ఉత్ప్రేరకంతో తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్లతో వచ్చాయి. ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ హౌడ్రీ 1950లలోనే దానికి పేటెంటు పొందినా, పెట్రోల్లో కలిపే సీసం ఉత్ప్రేరకాన్ని పాడుచేసేది. సీసం లేని పెట్రోలు బంకుల్లోకి వచ్చాకే అది అక్కరకొచ్చింది.

కార్లు పాతబడేకొద్దీ మరో చిక్కు వచ్చిపడింది. ప్లాటినం, పల్లాడియం, రోడియం వాడినందువల్ల కంపెనీ కన్వర్టరు ఖరీదైనది. పాత కారు నడుపుకునేవారికి అంత స్తోమత ఎక్కడిది? పాడైనదాన్ని తీసేసి ఉత్త గొట్టం బిగించుకోవడం మొదలైంది. అందుకే పర్యావరణ పరిరక్షణ సంస్థ 1986లో ఇతర తయారీదారుల చవక కన్వర్టర్లను, పరీక్షించిన పాతవాటిని షరతులతో అనుమతించింది. కొత్తవి హైడ్రోకార్బన్లను, కార్బన్ మోనాక్సైడ్‌ను 70 శాతం, నైట్రోజన్ ఆక్సైడ్లను 30 శాతం తగ్గించాలి. 25,000 మైళ్లు పనిచేస్తాయని హామీ ఇవ్వాలి. కంపెనీ కన్వర్టరుతో పోలిస్తే ఇది తక్కువ ప్రమాణమే. అయినా ఉత్త గొట్టం వదిలే విషవాయువులతో చూస్తే ఎంతో మేలు; అది నిజంగా వివేకవంతమైన నిర్ణయం. కంపెనీ వారంటీ ఇంకా ఉన్న కార్లకు మాత్రం ఈ వెసులుబాటు ఇవ్వలేదు.

కాలిఫోర్నియా 2009 నుంచి ఇంకా కఠినమైన ప్రమాణాలు పెట్టింది. రాష్ట్ర అనుమతి లేని కన్వర్టరును అక్కడ అమ్మకూడదు, బిగించకూడదు.