చేసిపెట్టడం, చేయించడం, చేయనివ్వడం: పిల్లల స్వావలంబనపై ఒక పరిశీలన

పిల్లల గురించి మనం చెప్పుకునే మాటల్లో క్రియాపదాలను గమనిస్తే ఒక సంగతి బయటపడుతుంది. 'అన్నం తినిపించాను', 'హోంవర్కు రాయించాను', 'ఇంజనీరింగ్ చదివించాను'. తినేదీ రాసేదీ చదివేదీ పిల్లలే. వాక్యంలో కర్తలు మాత్రం పెద్దవాళ్లు. ఈ ప్రేరణార్థక రూపానికి అటూ ఇటూ మరో రెండు రూపాలున్నాయి. 'చేసిపెట్టు' అన్నప్పుడు పిల్లవాడికి పనే మిగలదు. 'చేయనివ్వు' అన్నప్పుడు పెద్దవాళ్లు పక్కకు జరగాలి. ఈ మూడింటిలో ఏది ఎప్పుడు వాడాలో తెలియకపోవడమే పెంపకంలో అతిజోక్యానికి మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

విద్యావేత్త మారియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లొరెంజో పేదవాడలో తొలి 'బాలల గృహం' తెరిచారు. తన బోధనా పద్ధతిని వివరించిన గ్రంథంలో ఆమె ఒక చిన్న సంఘటన రాశారు. తొట్టెలో నీళ్ల మీద బొమ్మలు తేలుతున్నాయి. పిల్లలు చుట్టూ మూగారు. రెండున్నరేళ్లు నిండీ నిండని ఒక బాబు లోపలికి దూరబోయాడు, బలం చాలలేదు. నిలబడి అటూ ఇటూ చూశాడు. ఒక చిన్న కుర్చీ కనిపించింది. దాన్ని తెచ్చి ఎక్కి చూద్దామని మొహం వెలిగిపోతూ అటు నడిచాడు. అంతలో టీచరు జాలిపడి వాణ్ని ఎత్తుకుని అందరి తలల మీదుగా బొమ్మలు చూపించింది. బొమ్మలైతే కనిపించాయి గానీ, మొహంలోని ఆ వెలుగు ఆరిపోయింది. చూసేవాళ్లకు టీచరు చేసింది ప్రేమగానే కనిపిస్తుంది. వాడు కోల్పోయినది కంటికి ఆనదు. అతిజోక్యాన్ని పట్టుకోవడం కష్టమయ్యేది ఇందుకే.

అలాగని పిల్లల్ని వాళ్ల మానాన వదిలేయడమూ పెంపకం అనిపించుకోదు. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ ప్రచురించిన పరిశోధన ఇక్కడ దారి చూపుతుంది. 3, 4, 5 ఏళ్ల వయసున్న 30 మంది పిల్లలకు 21 చెక్కదిమ్మలతో పిరమిడ్ కట్టే పని ఇచ్చారు. చేయగలిగినంతవరకు చేయనివ్వడం, ఆగిపోయినచోట అందుకోవడం శిక్షకురాలు పాటించిన నియమం. మూడేళ్లవాళ్లకు చేసి చూపించాల్సి వచ్చింది. నాలుగేళ్లవాళ్లకు చాలావరకు నోటిమాటతో గుర్తుచేస్తే సరిపోయింది. ఐదేళ్లవాళ్లు 'సరిగ్గానే ఉందా' అని ఖాయం చేసుకోవడానికే ఎక్కువగా ఆమె వైపు చూశారు. గోడ కట్టేటప్పుడు వేసే సారువ కర్రలతో ఈ సాయాన్ని పోల్చారు ఆ పరిశోధకులు. గోడ నిలిచాక మేస్త్రీ సారువ విప్పేస్తాడు. మన ఇళ్లలో కట్టడమే తప్ప విప్పే రోజు రావడం లేదు.

పిల్లలకు పని మీద ఇష్టం లేదనే వాదన కూడా నిలవదు. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టోమసెల్లో 2006లో ప్రచురించిన ప్రయోగంలో, బట్టలు ఆరేస్తున్న మనిషి చేతిలోంచి క్లిప్పు జారిపడి అందకపోతే 18 నెలల పసివాళ్లు ఎవరూ అడగకుండానే తీసి ఇచ్చారు. అదే వయసు బిడ్డ చీపురు పట్టుకొస్తే మనం ఏమంటాం? 'నువ్వు పాడుచేస్తావు, పోయి ఆడుకోమ్మా' అంటాం. పదేళ్లు పోయాక 'ఒక్క పనీ ముట్టుకోదు' అని వాపోయేదీ మనమే.

పిల్లల్ని చేయనివ్వాలన్న ఈ ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం కారణంగా 1946 వరకు ఈ దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. బడుల తనిఖీ ఉద్యోగం చేసిన చలం 'బిడ్డల శిక్షణ'లో పెద్దల పెత్తనాన్ని తెలుగులోనే నిలదీశారు. అయినా మా కళాశాలలో ప్రవేశాల సమయంలో ప్రతి ఏడాదీ ఒకే దృశ్యం చూస్తున్నాను. దరఖాస్తు పిల్లవాడిది, నింపేది తండ్రి. సంతకం దగ్గరికి వచ్చాక మాత్రం కాగితం అటు జరుపుతాడు.

అయితే చెరువుగట్టు మీద, లారీలు తిరిగే రోడ్డు మీద 'చేయనివ్వు' సూత్రం పనికిరాదు. తమ్ముణ్ని చూసుకోవడానికి బడి మానేసిన పిల్లను స్వావలంబనకు ఉదాహరణగా చూపడం కూడా అన్యాయం. అది ఆ పిల్ల నెత్తిన పడిన బరువు.

చేసిపెట్టడానికి ప్రేమ ఎంత కారణమో తొందర కూడా అంతే కారణమని నాకు ఇంట్లోనే తెలిసింది. నాలుగేళ్ల మా మనవరాలు బూటు బకిలు తానే పెట్టుకుంటానని గుమ్మంలో కూర్చుంది. బయట ఆటో హారన్ మోగుతోంది. నాలిక కొద్దిగా బయటపెట్టి, పట్టీని రంధ్రం దాకా తెస్తోంది, అది జారిపోతోంది, మళ్లీ తెస్తోంది. నా చేతులు రెండుసార్లు ముందుకు వెళ్లాయి. ఆటో వెళ్లిపోతుందన్న భయంతో మూడోసారి నేనే పెట్టేశాను. దారంతా ఏడ్చిందట. ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో అలారం పావుగంట ముందు మోగుతోంది.